మూడో పిన్ను



ఈవేళ కరెంటును గురించి మాట్లాడబోతున్నానంటే మావారు పేపరు దించి నావంక ఒక చూపు చూశారు. "పదో తరగతి చదివినదానివి, నీకెందుకీ వైర్ల గొడవ? హాయిగా ఆవకాయ సంగతి చెప్పుకోక" అన్నారు. నిజమే, నేను ఇంజనీరును కాను. కాని ఒక్కమాట. ఇంట్లో తడిచేత్తో స్విచ్చి ముట్టుకునేది ఎవరు? మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, గీజరు, ఇస్త్రీపెట్టె, బట్టల మిషను, వీటితో పొద్దస్తమానం కాపరం చేసేది ఎవరు? మనమే గదా! ఆ గోడలోపల ఏం జరుగుతోందో మనం తెలుసుకోకపోతే ఎలాగండీ?

అసలు నాకీ కుతూహలం ఊరికే పుట్టలేదు. ఒక తప్పు చేశాక పుట్టింది. ఆ తప్పు ముందు చెప్పేస్తాను.

2019 శ్రావణమాసం. అప్పుడు మేము బెజవాడలో ఒక పాత డాబాయింట్లో అద్దెకుండేవాళ్ళం. వంటింట్లో ఉన్నది రెండు కన్నాల ప్లగ్గు. మా గ్రైండరుకేమో మూడు పిన్నులు. మావారు బజారునుంచి ఒక అడాప్టరు తెచ్చారు. దానికి పైన మూడు కన్నాలు, కింద రెండే పిన్నులు. పెట్టగానే గ్రైండరు గిర్రున తిరిగింది. ఇంకేం కావాలి మనకు? ఆ మూడో పిన్ను ఎక్కడికి పోయిందని మా ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు.

కొన్నాళ్ళకు గ్రైండరు అంచు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనడం మొదలైంది. చీమ కుట్టినట్టు ఉండేది. నేనేం చేశానో తెలుసా? చెప్పులు వేసుకుని రుబ్బుకోవడం అలవాటు చేసుకున్నాను. పక్కవాటాలో పిన్నిగారు కూడా, "మా ఫ్రిజ్జూ అంతే అమ్మాయ్. చెప్పులేసుకో, ఏం కాదు" అన్నారు. నాలుగు నెలలు అలాగే వెళ్ళిపోయింది.

వరలక్ష్మీవ్రతం శుక్రవారం నాడు గారెలకు పప్పు వేశాను. పిండి గట్టిపడి గ్రైండరు మూలుగుతోంది. నేనేమో కాళ్ళకు పసుపు రాసుకుని పూజసామాను సర్దుకుంటున్నాను, చెప్పులు వేసుకునే వీల్లేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని పిలిచి, "కాసిని నీళ్ళు చల్లవే" అన్నాను. ఆ పిల్ల అప్పుడే గిన్నెలు తోమి లేచింది. చేతులు తడి, కాళ్ళు తడి, గచ్చు తడి. ఎడమచెయ్యి గ్రైండరు అంచుమీద ఆనించింది. "అమ్మ..." అన్న మాట గొంతులోనే ఆగిపోయింది. చెయ్యి అతుక్కుపోయింది. మనిషి వణికిపోతోంది గాని చెయ్యి వదలడం లేదు. నేను పరుగెత్తి ఆమెను పట్టుకోబోతుంటే మా అబ్బాయి, వాడప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, "అమ్మా, ముట్టుకోకు!" అని అరిచి మెయిను కట్టేశాడు. పిల్ల కింద పడిపోయింది.

దేవుడి దయవల్ల బతికింది. ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసి, ఒకరోజు ఉంచుకుని పంపారు. అరచేతిలో రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటారా? దానికి కరెంటు కొడుతుందని నాకు తెలుసు. తెలుసు గనకే నేను చెప్పులు వేసుకున్నాను. ఆమెకు చెప్పలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి అడాప్టరు పీకి నా చేతిలో పెట్టాడు. "అమ్మా, మీరు తీసేసింది పిన్ను కాదు, ప్రాణం" అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. అప్పుడు అతణ్ణీ, మా అబ్బాయినీ కూర్చోబెట్టి, ఈ కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది, ఎటు పోతుంది అని మొదటినుంచీ అడిగాను. నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను.

బెజవాడనుంచి హైదరాబాదు రోడ్డున వెళ్ళేటప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర పెద్ద పెద్ద పొగగొట్టాలు చూసే ఉంటారు. నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం అది. అక్కడ బొగ్గు మండించి నీళ్ళను ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చక్రాలను తిప్పుతుంది. చక్రాల ఇరుసుకు కలిపి ఒక పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ రాగితీగల చుట్టలు. అయస్కాంతం కదిలితే పక్కనున్న తీగలో కరెంటు పుడుతుందని ఫారడే అనే ఆయన 1831లోనే కనిపెట్టాడు. ఇప్పుడు కాస్త ఊహించండి. అయస్కాంతానికి ఉత్తరం కొస, దక్షిణం కొస అని రెండున్నాయి గదా? ఉత్తరం కొస తీగ పక్కనుంచి వెళ్ళినప్పుడు కరెంటును ఇటు తోస్తుంది. వెంటనే దక్షిణం కొస వస్తుంది, అది అటు తోస్తుంది. అయస్కాంతం తిరిగినంతసేపూ ఇటూ అటూ, ఇటూ అటూ. అది తిరిగేది నిమిషానికి మూడువేల సార్లు, అంటే సెకనుకు యాభై సార్లు. మన మిక్సీ వెనక "50 హెర్ట్జ్" అని రాసి ఉంటుందే, ఆ యాభై ఇదే. ఒక చుట్టుకు రెండుసార్లు దిశ మారుతుంది గనక, మనం "ఒకటి" అని పలికేలోపల వంటింటి తీగలో కరెంటు వందసార్లు అటూ ఇటూ తిరిగిపోతుందన్నమాట.

ఇక్కడ నాకో సందేహం వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. ఇటు వచ్చిన కరెంటు మళ్ళీ అటే పోతే ఇంక మనకు మిగిలేదేమిటి? దీపం ఎలా వెలుగుతుంది?

దీనికి మా అమ్మమ్మగారి కవ్వం జవాబు చెప్పింది. మీ చిన్నప్పుడు చూశారో లేదో, స్తంభానికి కట్టిన కవ్వానికి తాడు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని మజ్జిగ చిలికేవారు. కుడిచెయ్యి లాగితే కవ్వం ఇటు తిరుగుతుంది, ఎడమచెయ్యి లాగితే అటు. తాడు ఎక్కడికైనా పోయిందా? లేదు, అక్కడే ముందుకూ వెనక్కూ ఆడింది. అయినా వెన్న వచ్చింది. ఎటు లాగినా చిలికినట్టే గదా! కరెంటూ అంతే. తీగలో ఉండే ఎలక్ట్రానులు ఇబ్రహీంపట్నం నుంచి మన ఇంటికి ప్రయాణం కట్టి రావు. అవి ఉన్నచోటనే, వెంట్రుక మందంలో పదోవంతైనా కదలకుండా, అటూ ఇటూ ఊగుతుంటాయి. ఆ ఊపే మన పని చేసిపెడుతుంది. ఇస్త్రీపెట్టెలో తీగ ఇటు రాపిడికీ వేడెక్కుతుంది, అటు రాపిడికీ వేడెక్కుతుంది. దీన్నే ఏ.సి. అంటారు. ఎప్పుడూ ఒకేవైపు పోయేది డి.సి., మన తిరగలి ఒకేవైపు తిరిగినట్టు. టార్చిలైటు బ్యాటరీలో ఉండేది అదే. సెల్‌ఫోనుకు కావలసిందీ అదే. ఛార్జరు పెట్టె చేసే పని ఏమిటంటే కవ్వాన్ని తిరగలిగా మార్చడం. ఇన్వర్టరుది సరిగ్గా ఎదురు పని. బ్యాటరీలో ఉన్న తిరగలిని కవ్వంగా మార్చి ఫ్యాను తిప్పుతుంది.

మరి మొదటినుంచీ డి.సి.యే ఇవ్వొచ్చు గదా అంటే, అమెరికాలో ఎడిసన్ 1882లో న్యూయార్కు పట్నంలో అలాగే ఇచ్చాడట. అది ఒక మైలు దూరం వెళ్ళేసరికి నీరసపడేది. ఏ.సి.కి ఆ బాధ లేదు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజీ లక్షల్లోకి పెంచి దూరాలకు పంపొచ్చు, మళ్ళీ మన వీధి చివర ఇంకో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి దించుకోవచ్చు. ఆ పెద్ద ఇనప స్తంభాల మీద పోయేది రెండు లక్షల ఇరవై వేలు, నాలుగు లక్షల వోల్టులు. మన వీధికి పదకొండు వేలై వస్తుంది, ఇంట్లోకి 230 అవుతుంది. ఈ 230 కూడా నిలకడగా ఉండేది కాదు. సున్నానుంచి ఎక్కి 325 దాకా పోయి, మళ్ళీ దిగి, అటువైపు అంతే ఎక్కుతుంది. వేడి పుట్టించడంలో 230 వోల్టుల డి.సి.తో సమానం గనక 230 అంటున్నారు.

ఇంకో ముచ్చట. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైను కలిపిన దగ్గర్నుంచీ దక్షిణాది గ్రిడ్డు కూడా మిగతా దేశంతో ఒకే తాళంలో నడుస్తోంది. కాశ్మీరంలో తిరిగే యంత్రమూ, మన శ్రీశైలం యంత్రమూ కోలాటం ఆడినట్టు అడుగు కలిపి ఆ యాభై లెక్క తప్పకుండా తిరగాలి. తలుచుకుంటే ఆశ్చర్యంగా లేదూ!

సరే, అసలు సంగతికి వస్తాను. కరెంటు అటూ ఇటూ పోతోందంటున్నారు, తీగలు రెండు. అలాంటప్పుడు రెండూ సమానమే కావాలి గదా? మరి ఒక తీగ ముట్టుకుంటేనే ఎందుకు కొడుతుంది? టెస్టరు పెడితే ఒక కన్నంలోనే ఎందుకు వెలుగుతుంది? ఈ ప్రశ్నకు ఎలక్ట్రీషియన్ కుర్రాడు తల గోక్కున్నాడు. "అది ఫేజు, ఇది న్యూట్రలు, అంతేనమ్మా" అన్నాడు. మా అబ్బాయి పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాడు. దండెం తాడు ఒక కొస గుంజకు కట్టి ఉంది. రెండో కొస విప్పి వాడు పైకీ కిందికీ ఊపాడు. "కట్టిన కొస ముట్టుకో" అన్నాడు, కదలడం లేదు. "నా చేతి దగ్గర ముట్టుకో" అన్నాడు, చెయ్యి జాడించి కొట్టింది. న్యూట్రలు అంటే కట్టేసిన కొస. దాన్ని కట్టింది గుంజకు కాదు, భూమికి. వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే ఆ తీగను భూమిలోకి దించుతారు. ఊగేదంతా ఫేజు తీగే.

దీనివల్ల మనకు వచ్చే చిక్కు చూడండి. కరెంటు బయల్దేరినచోటికి తిరిగి చేరాలి. న్యూట్రలు భూమికి కట్టి ఉంది గనక, భూమి కూడా దానికి ఇంటికి పోయే దారే. మనం నిలబడేదేమో భూమిమీద! ఫేజు ముట్టుకుంటే మన చేతిలోంచి, గుండె పక్కనుంచి, కాళ్ళలోంచి భూమిలోకి దారి తెరుచుకుంటుంది. కాకి తీగమీద కూర్చుని హాయిగా ఉంటుందంటే దాని కాలు భూమికి ఆనదు కాబట్టి. నా చెప్పులు చేసిందీ అదే, దారి మూశాయి. దారి మూశాయి గాని గ్రైండరులోని కరెంటును తీసేయలేదు. అది అక్కడే కూర్చుని ఇంకో చేతికోసం చూస్తూ ఉంది.

ఆ మూడో పిన్ను ఉన్నది ఇందుకే. అది గ్రైండరు ఇనప ఒంటిని ఒక తీగద్వారా ఇంటి పక్కన గొయ్యిలో పాతిన గొట్టానికో, పలకకో కలుపుతుంది. లోపల తీగ తోలు అరిగి, తడి చేరి, ఫేజు వచ్చి ఒంటికి తగిలిందనుకోండి. మనిషి ముట్టుకునేదాకా ఆగకుండా ఆ కరెంటు మూడో తీగలోంచి భూమిలోకి ఒక్కసారి దూకుతుంది. అంత కరెంటుకు ఫ్యూజు పోతుంది. ఇల్లు చీకటవుతుంది, మనం విసుక్కుంటాం, ప్రాణం దక్కుతుంది. ఈసారి ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూడండి. మూడో పిన్ను మిగతా రెండిటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. పెట్టేటప్పుడు ముందు అది తగలాలి, తీసేటప్పుడు చివర అది వదలాలి. కరెంటు రాకముందే కాపలా వచ్చి నిలబడి, కరెంటు వెళ్ళాకే సెలవు తీసుకుంటుందన్నమాట.

"మరి మా ఇంట్లో అంత జరిగితే ఫ్యూజు ఎందుకు పోలేదు?" అని అడిగాను. ఈ జవాబు మటుకు అక్కయ్యలు జాగ్రత్తగా వినాలి. ఫ్యూజుగాని, ఇప్పటి ఎం.సి.బి.గాని ఉన్నది తీగలు కాలిపోకుండా, మనుషుల కోసం కాదు. చిన్న ఎం.సి.బి. ఆరు ఆంపియర్లది, అంటే ఆరువేల మిల్లీ ఆంపియర్లు. మనిషికి ఒక మిల్లీ ఆంపియరు దగ్గరే జివ్వుమంటుంది. పదీ పదిహేను దగ్గర కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. ఆ పిల్ల చెయ్యి అతుక్కుపోవడం అదే, కరెంటు లాక్కోవడం కాదు, కండరం బిగుసుకోవడం. ముప్పై దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తడిసిన ఒళ్ళు వెయ్యి ఓములకు అటూ ఇటూ అడ్డుతుంది. 230ని వెయ్యితో భాగిస్తే, 230 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోవడానికి చాలు, ఫ్యూజుకు తెలియనైనా తెలియదు. ఆ పిల్ల బతికిందంటే లోపలి తీగ పూర్తిగా తగలక, తడిగుండా కొంచెం కొంచెంగా కారడంవల్లనే.

దీనికి ఆర్.సి.సి.బి. అని వేరే సాధనం ఉంది, మెయిను పక్కన పెడతారు. దాని పద్ధతి నాకు భలే నచ్చింది. మనం పాలలెక్క రాస్తాం చూడండి, పోయిందెంత, వచ్చిందెంత అని. అదీ అలాగే ఫేజులో పోయేదీ న్యూట్రలులో తిరిగొచ్చేదీ సరిచూస్తూ ఉంటుంది. ముప్పై మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఎక్కడో ఎవరిగుండానో భూమిలోకి పోతోందని కనిపెట్టి, రెప్పపాటులో కట్టేస్తుంది. ఇళ్ళకు ముప్పైదే అడగండి. దానిమీద "టి" అని చిన్న బొత్తం ఉంటుంది. నెలకోసారి నొక్కితే ఠక్కున పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదని అర్థం. మా ఇంట్లో అది పడ్డప్పుడల్లా మావారి టీవీ ఆగిపోయి ఆయన కేకలేస్తారు, వేయనివ్వండి. అయితే అదొక్కటీ ఉంటే ఎర్తు అక్కర్లేదని కాదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకున్న మనిషిని అది కనిపెట్టలేదు. దాని లెక్కలో పోయిందీ వచ్చిందీ సమానంగానే ఉంటాయి.

మన చేతిలో ఉన్న పనులు నాలుగు చెబుతాను. ఎర్తు గొయ్యి ఎక్కడుందో ఇంటివారిని అడగండి, అపార్టుమెంటైతే సెక్రటరీగారిని. బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన పాతరకం గొయ్యి వేసవిలో ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును పోనివ్వదు, ఫ్యూజు పోదు. తులసికోటకు పోసేటప్పుడు దానికీ రెండు బిందెలు పోయండి. బల్బు మార్చేటప్పుడు ఒట్టి స్విచ్చి కాదు, మెయినే కట్టండి. స్విచ్చి ఫేజు తీగమీద ఉండాలి గాని, తెలియనివాళ్ళు న్యూట్రలుమీద పెట్టిన ఇళ్ళున్నాయి. అక్కడ దీపం ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. బకెట్లో పెట్టే హీటరు రాడ్డుంటే, నీళ్ళు కాగాయో లేదో చూడ్డానికి ప్లగ్గు పూర్తిగా పీకిన తరువాతే వేలు పెట్టాలి. ఇక బట్టలారేసే దండేనికి ఇనప తీగ వద్దే వద్దు. సర్వీసువైరు ఒరుసుకుని ఆ దండెంలోకి కరెంటు దిగి, తడిబట్టలు ఆరేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్ళ వార్త మన పేపర్లలో ప్రతి వానాకాలం వస్తూనే ఉంటుంది. నైలాను తాడు కట్టుకోండి.

తీగల రంగుల్లో ఒక మెలిక ఉంది. కొత్త సామానుతో వచ్చే త్రాటిలో గోధుమరంగుది ఫేజు, నీలం న్యూట్రలు, ఆకుపచ్చా పసుపూ చారలది ఎర్తు. కాని మన పాత గోడల్లో నలుపు న్యూట్రలు, ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే కావచ్చు. సామానులో కాపాడే నీలం గోడలో కాటేస్తుంది. అందుకని రంగు చూసి మనంతట మనం కలపకుండా, తెలిసినవాణ్ణి పిలవడం మంచిది.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిను కట్టాలి. అది దొరక్కపోతే పొడిగా ఉన్న కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో మనిషిని తప్పించాలి. ఒట్టి చేత్తో పట్టుకున్నామో ఇద్దరం అతుక్కుపోతాం. లేచి కూర్చుని "బాగానే ఉన్నా"నన్నా సరే, 108కి ఫోను చేసి గుండె చూపించాలి.

మా పనమ్మాయి పదిరోజుల తరువాత వచ్చింది. జీతం కొయ్యలేదు లెండి, అదేమీ గొప్ప కాదు. అప్పటికి వంటింట్లో మూడు కన్నాల ప్లగ్గు, ఎర్తు తీగ, ఆర్.సి.సి.బి. అన్నీ పెట్టించాను. గ్రైండరుకు మరమ్మతూ చేయించాను. ఇంటివారు సగం ఖర్చు ఇస్తామని ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఆ పిల్ల గుమ్మంలోనే ఆగి, "పెట్టించారా అమ్మగారూ?" అంది. "పెట్టించానే" అన్నాను. లోపలికొచ్చి, ప్లగ్గు పీకి, పిన్నులు లెక్కపెట్టుకుని మళ్ళీ పెట్టింది.

ఆమె ఇంకో మూడిళ్ళలో చేస్తుంది. నెల తిరక్కుండానే అందులో ఒకావిడ నాకు ఫోను చేశారు. "మీ పనమ్మాయి మా బట్టల మిషను జివ్వుమంటోంది, ముట్టుకోనంటోందండీ. చెప్పులేసుకోమంటే వినడంలేదు. ఎర్తు ఏదీ అని అడుగుతోంది. అదేమిటండీ?" అన్నారు. ఆవిడకు ఎలక్ట్రీషియన్ కుర్రాడి నంబరు ఇచ్చాను.